మూసుకుపోయిన చెవికి ఆపరేషన్ ఎప్పుడు?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు నిండాయి. పుట్టుకతోనే కుడి చెవి డొప్ప చిన్నదిగా, ముడుచుకుపోయి ఉంది. రంధ్రం అసలే లేదు. ఎడమ చెవి బాగానే ఉంది, మాటలూ వచ్చాయి. అయితే ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుంటే మాత్రం ఎంత పిలిచినా పలకడు. గ్రహణం రోజున నేను బయట తిరిగినందువల్లే ఇలా జరిగిందని మా అత్తగారు అంటారు. బడిలో వేసేలోపే రంధ్రం తెరిపించమని బంధువులు తొందరపెడుతున్నారు. వెంటనే సీటీ స్కాన్ తీయించాలా?
– ఒక తల్లి, కావలి

జవాబు: ముందుగా గ్రహణం సంగతి. చెవి డొప్ప రూపం గర్భం మూడో నెల నాటికే ఏర్పడుతుంది. ఆ దశలో ఎదుగుదల ఆగిపోవడం వల్ల వచ్చే లోపమే తప్ప, ఇందులో మీ తప్పేమీ లేదమ్మా. ఈ మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికివచ్చింది బాబు పడుకున్నప్పటి సంగతే. మంచి చెవి దిండుకు ఆనితే వాడికి మూసుకున్న చెవి ఒక్కటే మిగులుతుంది. ఇలాంటి చెవిలో సాధారణంగా 50 నుంచి 60 డెసిబెల్స్ దాకా వినికిడి తగ్గి ఉంటుంది కాబట్టి మామూలు గొంతుతో పిలిస్తే దాదాపు వినపడదు. అలాగని లోపలి చెవి చెడిపోయిందనుకోనక్కర్లేదు. బయటి గొట్టం, లోపలి చెవి పిండంలో వేర్వేరు భాగాల నుంచి తయారవుతాయి గనుక చాలామంది పిల్లల్లో లోపలిది సవ్యంగానే ఉంటుంది. మీ బాబుకూ అలాగే ఉందో లేదో పరీక్షతో తేల్చుకోవాలి. పసిపిల్లలకైతే నిద్రలో బెరా పరీక్ష (శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో యంత్రంతో చూసేది) చేస్తారు. నాలుగేళ్ల వాడికి ఆటలాగే చేయవచ్చు: శబ్దం వినిపించినప్పుడల్లా డబ్బాలో ఒక బిళ్ళ వేయమంటారు, మధ్యలో మంచి చెవిలో హోరు పెట్టి కుడి చెవిని విడిగా పరీక్షిస్తారు. ఎడమ చెవిని కూడా తప్పక పరీక్షించాలి. ‘బాగానే ఉంది’ అన్న ఇంట్లోవాళ్ల అంచనా చాలదు.

స్కాన్‌కు ఇప్పుడే తొందర లేదు. ఈ వయసులో కదలకుండా ఉంచడానికి మత్తు ఇవ్వవలసి రావచ్చు, రేడియేషన్ కూడా ఉంటుంది. పైగా ఆపరేషన్‌కు అవసరమైన చెవి వెనుక ఎముక ఇంకా ఎదగాలి. అయిదారేళ్లు వచ్చాక తీస్తే ఆ స్కాన్ నిర్ణయానికి పనికివస్తుంది. అయితే ఆ వైపు నొప్పి, వాపు, చీము కనిపిస్తే మాత్రం ఆగకూడదు, ఎందుకంటే లోపల చర్మం పేరుకుని ఎముకను తినేసే కొలెస్టియాటోమా అనే గడ్డ ఉండవచ్చు.

స్కాన్ చూసి డాక్టర్లు పదికి మార్కులు వేస్తారు. మధ్య చెవిలో శబ్దాన్ని లోపలికి అందించే మూడు చిన్న ఎముకల్లో చివరిదైన అంకవన్నె ఎముక సరిగా ఉంటే రెండు మార్కులు. మధ్య చెవిలో ఖాళీ, మిగతా ఎముకలు, ముఖనాడి వెళ్లే దారి, డొప్ప ఆకారం వంటి వాటికి ఒక్కొక్కటి. ఎనిమిదికి తగ్గకుంటే మంచి ఫలితం ఆశించవచ్చు. అయిదు, అంతకంటే తక్కువైతే గొట్టం తెరిచే ఆపరేషన్ వద్దనే చెబుతారు. మీ బంధువులు అనుకుంటున్నట్లు ఇది ముక్కు కుట్టించినంత సులువైన పని కాదు. ఎముకను తొలిచి దారి చేయాలి, కొత్త కర్ణభేరి అమర్చాలి, తొడ నుంచి తీసిన పలుచని చర్మం పరచాలి. పక్కనే ముఖనాడి ఉంటుంది. అది దెబ్బతింటే మూతి వంకర పోతుంది, అరుదే అయినా. చేసిన దారి మళ్లీ ఇరుకు కావడం అంత అరుదు కాదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి శుభ్రం చేయించుకోవడానికి నెల్లూరో చెన్నైయో తిరగడానికి కూడా మీరు సిద్ధపడాలి. పక్కటెముక మృదులాస్థితో డొప్ప చేయించదలిస్తే సాధారణంగా ముందు అది చేయించాలి, ఎందుకంటే కోతల మచ్చలు లేని చర్మం ఆ పనికి కావాలి. అదీ ఆరేళ్లు దాటాకే.

మార్కులు తక్కువ వచ్చినంత మాత్రాన దారి మూసుకుపోయినట్లు కాదు. తలకు పట్టీలా కట్టుకునే, ఎముక ద్వారా శబ్దం పంపే యంత్రం ఉంది. దానికి గొట్టంతో పనిలేదు. ఇప్పటి నుంచే పెట్టి చూడవచ్చు. రెండు చెవులూ మూసుకుపోయిన బిడ్డ అయితే మాటలు రావడానికి నెలల పసితనంలోనే పెట్టమని పట్టుబట్టేవాణ్ణి.

అంతవరకు ఎడమ చెవిని కాపాడండి. తలంటు పోసేటప్పుడు అందులో నూనె వేయకండి, పిన్నుతో గులిమి తీయకండి, జలుబు చేసి చెవి నొప్పి అంటే ఆ రోజే చూపించండి. బడిలో వేశాక టీచర్‌తో చెప్పి ముందు వరుసలో కుడి చివర కూర్చోబెట్టించండి. అప్పుడు మూసుకున్న చెవి గోడ వైపు, వినపడే చెవి తరగతి వైపు ఉంటాయి.