మోకీలు మార్పిడి తర్వాత నడక: ముందు ఆ పిక్క వాపు సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. కుడి మోకీలు మార్పిడి ఆపరేషన్ జరిగి ఏడు వారాలైంది. ఇంట్లో వాకర్‌తో నడుస్తున్నారు. నొప్పి అంటుంటే మందుల షాపులో ఎసిక్లోఫినాక్ తెచ్చి, పొద్దున్నే వేసి నడిపిస్తున్నాం. నాలుగు రోజులుగా పిక్క వాచింది, కొబ్బరినూనెతో మర్దన చేస్తున్నాం. నడక బాగుపడుతోందో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? దసరాకి ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కవచ్చా? – ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మెట్ల మాట తర్వాత. మర్దన ఈరోజే ఆపండి. ఆపరేషన్ కాలు సాయంత్రానికి కాస్త వాచి, కాలు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి తగ్గడం కొన్ని నెలలు మామూలే. పొద్దున కూడా తగ్గకపోయినా, నొక్కితే నొప్పి ఉన్నా, వేడిగా అనిపించినా సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. మోకాలి కింద ముందువైపు ఎముక బుడిపె ఉంటుంది కదా, అక్కడి నుంచి 10 సెంటీమీటర్ల దిగువన రెండు కాళ్లకూ పిక్క చుట్టుకొలత టేపుతో కొలవండి. 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే అనుమానం బలపడుతుంది. తేడా లేదని ఊరుకోవద్దు. నాలుగు రోజులు ఇప్పటికే ఆలస్యం. ఈరోజే సర్జన్‌కి చూపించండి, డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష) అవసరమో కాదో ఆయన చెబుతారు. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

రెండోది ఆ మాత్ర. బీపీ, షుగర్ ఉన్న 68 ఏళ్ల మనిషికి రోజూ ఎసిక్లోఫినాక్ ఎవరు రాశారండీ? కిడ్నీలు దెబ్బతినవచ్చు, బీపీ పెరగవచ్చు. రక్తం పలచబరిచే మందు కూడా వాడుతుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు. పైగా మాత్ర వేసి నడిపిస్తే మీరు చూసేది మాత్ర నడకే, మోకీలు నడక కాదు. నొప్పికి ఏం వాడాలో సర్జన్‌నే అడగండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి. గాయం దగ్గర ఎరుపు, చీము, జ్వరం ఉంటే సొంతంగా యాంటీబయాటిక్ వేయవద్దు. వేస్తే ఇన్‌ఫెక్షన్ పరీక్షలో దొరక్కుండా పోవచ్చు.

వాపు భయం లేదని తేలాక నడక కొలవండి. చేతులున్న గట్టి కుర్చీ వేసి, 3 మీటర్ల దూరంలో నేల మీద టేపు అంటించండి. లేచి, మామూలు వేగంతో టేపు దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చునేదాకా సెకన్లు లెక్కపెట్టండి. వాకర్‌తోనే చేయించండి, పక్కన ఒకరు ఉండాలి. 12 సెకన్లు, ఆపైన పడితే పడిపోయే ముప్పు ఉందనుకోవాలి. ఏడు వారాలకు ఎక్కువ పట్టినా కంగారు వద్దు, వారం వారం తగ్గుతోందా అన్నదే చూడండి.

అంకె కంటే లేచే తీరు ఎక్కువ చెబుతుంది. కుడికాలు ముందుకు చాపి, బరువంతా ఎడమకాలి మీద వేసి లేస్తున్నారంటే తొడ కండరం ఇంకా బలహీనమే. పడుకోబెట్టి మడమ కింద చుట్టిన టవల్ పెట్టి చూడండి, మోకాలు పూర్తిగా చాపుకోవాలి. వంగే ఉంటే కుంటు పోదు. మోకాలి కింద దిండు పెట్టే అలవాటుంటే ఇవాళే మానిపించండి.

ఈ దసరాకి కొండ మెట్లు వద్దు, వెళ్లాల్సివస్తే వాహనంలో వెళ్లండి. ఇంట్లో నాలుగు మెట్లకైనా రెయిలింగ్ పట్టుకుని ఎక్కేటప్పుడు ఎడమకాలు, దిగేటప్పుడు కుడికాలు ముందు వేయాలి. సర్జన్ దగ్గరికి డిశ్చార్జి కాగితాలతోపాటు ఇప్పటిదాకా వేసిన మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి.