ప్రాసెసర్ మార్చాలా, ముందు ఇంకేమైనా చూడాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. 2014లో కొన్న డెస్క్‌టాప్. ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేశాక ఐదు నిమిషాలు ఆగాలి. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే బిగుసుకుపోతోంది. ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపుల్లో అడిగితే పాత ఐ7-4790 వేయించుకోమన్నారు. పాప పీయూసీ (ఇంటర్) చదువు, ఇంటి లెక్కలు, అంతే పని. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. సిస్టం నత్తనడక నడుస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. సీపీయూ (అంటే ప్రాసెసర్) 20, 30 శాతం దగ్గరే ఉండి, డిస్క్ 100, మెమరీ (ర్యామ్) 90 చూపిస్తే ప్రాసెసర్ తప్పేమీ లేదు. ర్యామ్ నిండేసరికి విండోస్ మిగతాది డిస్క్ మీద దాచి మళ్లీ మళ్లీ తెచ్చుకుంటుంది. హార్డ్ డిస్క్‌కి ఆ పరుగు చేతకాదు. మీ లక్షణాలు అచ్చం ఇవే.

ముందు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్), 240 జీబీది చాలు. హెచ్81లో 6 గిగాబిట్ వేగం ఉన్న సాటా పోర్టులు రెండే ఉంటాయి, అందులో ఒకదానికే తగిలించి విండోస్ కొత్తగా ఎక్కించండి. పాత డిస్క్ ఫైళ్లకు ఉంచుకోండి. రెండోది 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఇంకొకటి. డీడీఆర్4 ఈ స్లాట్‌లో దిగదు, గాటు వేరే చోట ఉంటుంది.

ఆ తర్వాత కూడా సీపీయూ 100 దగ్గరే కొట్టుకుంటుంటే అప్పుడు ప్రాసెసర్ మాట. ఐ7-4790 వచ్చింది 2014లో, హెచ్81 అంతకు ముందు ఏడాదిది. బోర్డులోని బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) పాతదైతే తెర నల్లగానే ఉండిపోతుంది. పాత ఐ3 తీయకముందే బయోస్ అప్‌డేట్ చేయాలి, అదీ యూపీఎస్ మీద. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే. ఐ5-4570 గానీ ఐ7-4770 గానీ దొరికితే ఈ తంటా లేదు. ప్రాసెసర్ మూత మీద ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని చెక్కి ఉంటే అది పరీక్షలకు చేసిన ముక్క, ఎంత చవకైనా వదిలేయండి.

ఒక్క మాట. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11కి మామూలుగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే అర్హత, ఈ బోర్డులో పట్టేవి నాలుగో తరానివి, అంటే ఐ7 వేసినా దక్కదు. రేపు సిస్టం మార్చినా ఎస్ఎస్‌డీ మీతో వస్తుంది, ఐ7 రాదు.

ప్రశ్న: ఐ3 తీసి ఐ7-4770 నేనే వేశాను. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ పది నిమిషాలకే సిస్టం ఆగిపోతోంది. ఎందుకు?

జవాబు: వేడి. ఐ3-4130 54 వాట్లది, 4770 84 వాట్లది; ఐ3తో వచ్చిన పలుచటి కూలర్ దీనికి చాలదు. అసలు దోషి చాలాసార్లు కూలర్ పిన్ను. నాలుగింటిలో ఒకటి సగమే దిగినా కూలర్ ఓ పక్కకి లేచి ఉంటుంది. బోర్డు వెనక్కి తిప్పి చూడండి, నాలుగు తెల్ల కొనలూ విచ్చుకొని, వాటి మధ్య నల్ల పుల్ల కనబడాలి. కూలర్ విప్పితే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే పాత పేస్ట్ మొత్తం తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టి, పిన్నులు ఎదురెదురు మూలలుగా నొక్కండి. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోని సన్నటి పిన్నులకు గుడ్డ తగలనివ్వకండి, ఒకటి వంగినా ర్యామ్ స్లాట్ ఒకటి పనిచేయడం మానేయవచ్చు.