ప్లేటు మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ఉన్న గీజర్ 200 వోల్టుల దగ్గర 7.5 ఆంప్సే తీసుకుంటోంది: కాయిల్ పాడైనట్టా? బోరు మోటారుకూ ఇదే లెక్కా?

కాయిల్ బాగానే ఉంది. మీరిచ్చిన రెండు అంకెలే ఆ మాట చెబుతున్నాయి.

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు, గుణిస్తే పవరు. 200 ÷ 7.5 = 26.7 ఓములు. 200 × 7.5 = 1500 వాట్లు. ప్లేటు మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ఉందన్నారు కాబట్టి కాయిల్‌కి ఉండాల్సిన రెసిస్టెన్సు 230 × 230 ÷ 2000, అంటే 26.45 ఓములు. రెండూ దాదాపు ఒకటే. తగ్గింది మీ ఇంటికొచ్చే వోల్టేజీ.

చాలామంది పొరబడేది ఇక్కడే. ప్లేటు మీది 2000ని ఆ రోజు ఉన్న 200తో భాగించి, 10 ఆంప్స్ రావాలి కదా అనుకుంటారు. 2000 వాట్లు అనేది 230 వోల్టుల దగ్గర మాత్రమే నిజం. గీజర్‌లో మారనిది రెసిస్టెన్సు, వాట్లు కాదు. వోల్టేజీ 13 శాతం తగ్గితే కరెంటు కూడా అంతే తగ్గుతుంది, పవరు మాత్రం దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కడానికి సుమారు 0.61 యూనిట్ కావాలి. 2000 వాట్ల దగ్గర అది 18 నిమిషాల పని, 1500 దగ్గర 24 నిమిషాలు. ఆలస్యమవుతుంది గానీ బిల్లు చెప్పుకోదగ్గంతగా పెరగదు.

కాయిల్‌ని మల్టీమీటర్‌తో నేరుగా కొలవాలంటే ముందు ప్లగ్ పూర్తిగా బయటికి తీయండి. కరెంటు ఉండగా ఓముల రేంజ్‌లో ప్రోబులు పెడితే మీటరు పోతుంది, చేతికీ ప్రమాదం. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు, గీజర్ మీద స్విచ్ ఉంటే దాన్ని ఆన్‌లో పెట్టి, ప్లగ్ ఫేజ్, న్యూట్రల్ పిన్నుల మధ్య చూడండి. ముందుగా ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించి వచ్చిన అర ఓమో ఎంతో తీసేయాలి. తయారీలో వాట్లు 5 శాతం ఎక్కువ, 10 శాతం తక్కువ వరకు ఉండొచ్చు కాబట్టి 25 నుంచి 29.5 ఓముల మధ్య ఏది వచ్చినా సరే. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగిందని వెంటనే కొత్తది కొనకండి, థర్మల్ కటౌట్ (మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే భద్రతా స్విచ్) ట్రిప్ అయి ఉండొచ్చు. పిన్నుకీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ ఏమీ చూపించకపోయినా లీకేజీ లేదని నమ్మకం లేదు, దాని బ్యాటరీ వోల్టేజీకి బయటపడని లీకేజీ ఉంటుంది. 500 వోల్టుల మెగ్గర్‌తోనే (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) అది తేలుతుంది.

వోల్టేజీని గీజర్ నడుస్తున్నప్పుడే, ఆ సాకెట్ దగ్గరే చూడాలి. కరెంటును టాంగ్ టెస్టర్‌తో (వైరును తెంచకుండా దాని చుట్టూ దవడలు మూసి కరెంటు కొలిచే మీటరు) చూసేటప్పుడు దాని దవడల్లో ఒక్క ఫేజ్ వైరే ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది. చిన్న కరెంట్లకు టెస్టర్ సరిగ్గా చూపదు, అలాంటప్పుడు వైరును దవడల్లోంచి పది చుట్లు తిప్పి రీడింగ్‌ని పదితో భాగించండి.

ఇప్పుడు గీజర్ ఆపి మళ్లీ వోల్టేజీ చూడండి. ఉదాహరణకు 212 వచ్చిందనుకోండి. అంటే 12 వోల్టులు లైన్లోనే పోతున్నాయి. 12 ÷ 7.5 = 1.6 ఓములు. ఇది ఎక్కువే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 20 మీటర్లు వెళ్లి రావడానికి అర ఓము కూడా పట్టదు, అందులో పడేది మూడున్నర వోల్టులే. మెయిన్ బోర్డు దగ్గర ఇదే పరీక్ష చేస్తే మిగతాది సర్వీసు వైరులో పోతోందా, ఇంట్లో పోతోందా తెలుస్తుంది. ఇంట్లో అయితే ముందు చూడాల్సింది సాకెట్. వదులైన ఒక్క జాయింటులో అర ఓము ఉన్నా, కరెంటు × కరెంటు × రెసిస్టెన్సు లెక్కన 28 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. ప్లగ్ లోపల చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. 6 ఆంప్స్ సాకెట్లో గీజర్ పెడితే పిన్నులు నల్లబడి కరిగేది ఇందుకే, 16 ఆంప్స్‌దే వాడాలి.

పాత వంద వాట్ల ఫిలమెంట్ బల్బు విషయంలో జాగ్రత్త. లెక్క ప్రకారం 529 ఓములు, మీటరు పెడితే నలభైకి అటూఇటూ చూపిస్తుంది. వెలిగినప్పుడు టంగ్‌స్టన్ రెసిస్టెన్సు పదింతలకు పైగా పెరుగుతుంది. గీజర్‌లోని నిక్రోమ్‌లో తేడా కొద్ది శాతమే, అందుకే అక్కడ చల్లటి కొలత పనికొస్తుంది.

మోటారుకు మాత్రం ఈ లెక్క చెల్లదు. సింగిల్ ఫేజ్ 1 హెచ్‌పీ మోటారు 230 వోల్టుల దగ్గర 6.5 ఆంప్స్ తీసుకుంటే భాగహారం 35 ఓములు అంటుంది, వైండింగ్ మీద మీటరు నాలుగైదు ఓములే చూపించొచ్చు. తిరిగే మోటారు తనలో పుట్టించే ఎదురు వోల్టేజీయే కరెంటును ఎక్కువగా ఆపుతుంది. పవరు కూడా 230 × 6.5 = 1495 వాట్లు కాదు. వోల్టేజీ, కరెంటుల లబ్ధంలో నిజంగా పవరుగా మారే భాగాన్ని పవర్ ఫ్యాక్టర్ అంటారు, అది 0.8 అనుకుంటే 1196 వాట్లు. త్రీఫేజ్ అయితే 1.732 × 415 × ఆంప్స్ × పవర్ ఫ్యాక్టర్. 7.5 ఆంప్స్‌కి, 0.8 దగ్గర, సుమారు 4300 వాట్లు.

లో వోల్టేజీలో మోటారు తీరు గీజర్‌కి పూర్తిగా వ్యతిరేకం. అదే నీటిని పైకి లాగాలి కాబట్టి కరెంటు పెరుగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైండింగ్‌లో వేడి 44 శాతం పెరుగుతుంది. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలేని (కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేది) మోటారు ప్లేటు మీది ఆంప్స్‌కే ఉంచండి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని పెంచొద్దు, వోల్టేజీ వచ్చాకే మోటారు వేయండి.