జనాకర్షకమా, జనవాదమా?

సందేహం: అమెరికా వార్తల్లో ట్రంప్‌ను ‘జనాకర్షక మితవాద నేత’ అని రాస్తున్నారు. మనకు జనాకర్షక పథకాలంటే ప్రభుత్వం పంచిపెట్టేవి. మితవాది అంటే నెమ్మదస్తుడు. ఈ మాటలు ఆయనకెలా నప్పుతాయి?

సమాధానం: నప్పవు. మీ అనుమానం సబబే.

ఇంగ్లిష్ ‘పాపులిస్ట్’కు అనువాదంగా రాస్తున్న ‘జనాకర్షక’ మాట నిర్మాణంలో తప్పేమీ లేదు. జన, ఆకర్షక కలిస్తే సవర్ణదీర్ఘం. జనాన్ని ఆకట్టుకునేది అని అర్థం. అయితే మన పత్రికల్లో అది కిలో రెండు రూపాయల బియ్యం లాంటి పథకాలకు స్థిరపడిపోయింది.

అమెరికాలో పాపులిజమంటే పంపకం కాదు, పేచీ. ‘కష్టపడే జనం మనం, మనల్ని ఖాతరు చేయని పెద్దలు వాళ్లు’ అని గీత గీయడం. పాపులిస్టులన్న పేరు మొదట పీపుల్స్ పార్టీ రైతులది. 1892లో ఒమాహా సభలో వాళ్లు రైల్వేలను ప్రభుత్వపరం చేయాలనీ, ఆదాయం పెరిగేకొద్దీ పన్నూ పెరగాలనీ అడిగారు. గీతకు అవతల ఉన్నది బ్యాంకర్లు, రైల్వే యజమానులు. 1968 అధ్యక్ష ఎన్నికల్లో, జాతి విభజనను సమర్థించిన అలబామా నేత జార్జ్ వాలెస్ మూడో పార్టీ తరఫున 5 రాష్ట్రాలు గెలిచేనాటికి అవతలివాళ్లు మారిపోయారు: జడ్జీలు, ప్రొఫెసర్లు, వాషింగ్టన్ అధికారులు. ‘జనం’ మాట మాత్రం అలాగే ఉంది. అందులో నల్లజాతివారికి చోటు లేదు.

ఈ గీత తర్వాత రిపబ్లికన్ పార్టీ లోపలికే వచ్చింది. 1992లో ప్యాట్ బుకానన్ సొంత పార్టీకే చెందిన దేశాధ్యక్షుడు సీనియర్ బుష్ మీదే ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, పోటీకి దిగాడు. 2014 జూన్‌లో జరిగింది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ప్రతినిధుల సభలో మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్‌ను వర్జీనియాలోని ఆయన నియోజకవర్గ ప్రైమరీలోనే డేవ్ బ్రాట్ అనే అర్థశాస్త్ర అధ్యాపకుడు ఓడించాడు. బ్రాట్ ఉచితాలు పంచుతాననలేదు, పైగా ప్రభుత్వ ఖర్చు తగ్గించాలన్నవాడు. వలసల విషయంలో కాంటర్ పెద్ద కంపెనీల కొమ్ముకాస్తున్నాడన్నదే ఆయన ఆరోపణ. రెండేళ్లకు ట్రంప్ ఇదే వాదనతో పార్టీ మొత్తాన్నీ తనవైపు తిప్పుకున్నాడు. ఇలాంటి గెలుపును జనాకర్షకం అని రాస్తే మన పాఠకుడికి ఏం బోధపడుతుంది?

అందుకే నేను ‘జనవాదం’ అంటాను. సంస్కృతంలో ఆ మాటకు లోకులు చెప్పుకునే మాట, వదంతి అని పాత అర్థం ఉంది. నేటి వాడుకలో లేదు కనుక అడ్డురాదు. ‘జనపక్షవాదం’ మాత్రం వద్దు. జనం పక్షాన ఉన్నామని వాళ్లు చెప్పుకునేదాన్ని మనం ఒప్పేసుకున్నట్టవుతుంది.

ఇక మితవాదం. 1907లో సూరత్ కాంగ్రెస్‌లో చీలిక వచ్చినప్పుడు గోఖలే పక్షం మితవాదులు, తిలక్ పక్షం అతివాదులు. ఆ అర్థంలో మాట చక్కగా అమరింది. తర్వాత వామపక్షానికి ఎదురు నిలిచిన వారందరికీ దాన్నే తగిలించారు. మితమే లేనిచోట మితవాదమని రాయడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే. ‘సంప్రదాయవాద’ అనండి, సరిపోతుంది. కొందరు ‘ఛాందసవాద’ అని రాస్తున్నారు. అది నింద. సంపాదకీయంలో రాసుకోవచ్చు గానీ వార్తలో కాదు.