జేబు పిస్తోలుకు తోలు హోల్‌స్టర్: చౌకది కొని మళ్లీ కొనేవారికి

సందేహం: అన్నయ్య స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డుపై కుటుంబంతో హ్యూస్టన్ వచ్చాను. బంధువుల గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేస్తున్నాను. వారి సలహాపై ఒక చిన్న పిస్తోలు కొన్నాను. ప్యాంటు జేబులో పెట్టుకోవడానికి చేతితో చేసిన తోలు హోల్‌స్టర్ (ఒర) 90 డాలర్లు, అంటే మన రూపాయల్లో ఎనిమిది వేల వరకు చెబుతున్నారు. ఆన్‌లైన్‌లో 15 డాలర్లకే దొరుకుతోంది. అంత పెట్టడం అవసరమా? కొంటే దాన్ని ఎలా కాపాడుకోవాలి?

సమాధానం: డాలర్లను రూపాయల్లోకి గుణించుకోవడం మొదటి ఏడాది మేమందరం చేసిన పనే కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను. ఈ వస్తువు విషయంలో మాత్రం ఆ గుణకారం మీచేత ఒకదానికి మూడు కొనిపిస్తుంది. నేను తొలి రోజుల్లో హోల్‌స్టర్ల మీద పోసిన డబ్బంతా కలిపితే ఒక మంచి హోల్‌స్టర్, పిల్లల చేతికి అందకుండా పిస్తోలు దాచే చిన్న సేఫ్ రెండూ వచ్చి ఉండేవి. తుపాకి కొన్నవారిలో చాలామంది ఇళ్లలో వాడకుండా పడేసిన హోల్‌స్టర్ల పెట్టె ఒకటి ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది, దాన్ని తెరిచినప్పుడల్లా నా భార్య ఖరీదులు గుర్తుచేస్తూనే ఉంటుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, మిగిలినది మీరే ప్రభుత్వ వెబ్‌సైట్లలో సరిచూసుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఫెడరల్ చట్టం అడ్డుచెప్పదు. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 వంటి వీసాలపై ఉన్నవారికి మాత్రం, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, తుపాకి దగ్గర పెట్టుకోవడమే నేరం. అందువల్ల ఈ జవాబును చదివి అలాంటి వీసాలపై ఉన్న మీ స్నేహితులు ఉత్సాహపడకుండా చూడండి. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి ఇతర అనర్హతలేవీ లేనివారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకి వెంట ఉంచుకోవచ్చు. కానీ పోస్టాఫీసు, పాఠశాల, బార్ వంటి చోట్లకు తీసుకుపోకూడదు. మీరు పనిచేసే దుకాణం యజమాని అనుమతి కూడా ముందే అడిగి తీసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను మొదట కొన్నది అన్ని చిన్న పిస్తోళ్లకూ సరిపోతుందని అట్టమీద రాసి ఉన్న మెత్తని బట్ట సంచి. అన్నింటికీ సరిపోయేది ఏ ఒక్కదానికీ సరిగా కుదరదన్న సంగతి ఆ సంచిని జేబులో పెట్టుకుని కౌంటరు వెనుక గంటసేపు నిలబడగానే తెలిసింది. పిస్తోలు లోపల అడ్డంగా తిరిగిపోయేది, పిడి జేబు అడుగుకు చేరేది, పైకి లాగితే సంచి కూడా దానితోపాటే బయటికి వచ్చేది. జేబు హోల్‌స్టర్ చేయవలసిన పనులు మూడే: ట్రిగ్గర్‌కు ఏదీ తగలకుండా పూర్తిగా కప్పి ఉంచడం, పిస్తోలును ఎప్పుడూ ఒకే కోణంలో నిలబెట్టడం, పిస్తోలు లాగినప్పుడు తాను జేబులోనే ఉండిపోవడం. పదిహేను డాలర్ల సంచి ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేదు.

రెండవసారి నాకు ఇంకా పెద్ద తెలివి పుట్టింది. సెలవులకు హైదరాబాద్ వెళ్తూ పిస్తోలు ఆకారాన్ని అట్టముక్క మీద గీసుకుని తీసుకుపోయాను. అక్కడ సంచులు, బెల్టులు కుట్టే ఒక మంచి పనివాడికి చూపించి, ఇక్కడి ధరలో అయిదో వంతుకే హోల్‌స్టర్ కుట్టించుకున్నాను. తిరిగి వచ్చాక స్నేహితులకు చూపించి నా పొదుపును నేనే మెచ్చుకున్నాను కూడా. కుట్టు చక్కగానే ఉంది, తప్పు పనివాడిది కాదు. హ్యాండ్‌బ్యాగులకు వాడే తోలు క్రోమియం లవణాలతో శుద్ధి చేసినది. అది మెత్తగా, వంగే గుణంతో ఉండాలి కాబట్టి అలా చేస్తారు. పిస్తోలు బయటికి లాగగానే ఆ తోలు మూతి ముడుచుకుపోయేది, లోపలి ఆకారం అసలు నిలిచేది కాదు. అన్నింటికన్నా బాధపెట్టింది ఏమిటంటే, హ్యూస్టన్ వానాకాలపు తేమలో కొన్ని వారాలపాటు అందులోనే వదిలేసిన పిస్తోలు స్లయిడు (పైన ముందుకూ వెనక్కీ జరిగే ఇనుప భాగం) మీద, నల్లపూత కింద, ఎర్రని తుప్పు చుక్కలు లేచాయి. తోలు చెమటను, గాలిలోని తేమను పీల్చుకుని ఇనుముకు అంటించి ఉంచుతుంది, అందులో శుద్ధికి వాడిన లవణాలు మిగిలి ఉంటే ఇంకా త్వరగా పాడవుతుంది. అయిదో వంతు ధరకు కుట్టించుకున్న హోల్‌స్టర్ కోసం స్లయిడుకు మళ్లీ పూత వేయించవలసి వచ్చింది. ఆ బిల్లు ఎంతో ఇక్కడ రాయను.

అప్పుడుగాని తోలు గురించి తెలుసుకోవడానికి నేను సమయం కేటాయించలేదు. హోల్‌స్టర్‌కు కావలసినది చెట్టు బెరడులోని వగరు పదార్థాలతో నెమ్మదిగా శుద్ధిచేసిన తోలు. మన దగ్గర తంగేడు బెరడుతో, కరక్కాయతో తోళ్లను శుద్ధి చేసినట్లే ఇక్కడి తోళ్ల కర్మాగారాలు మిమోసా వంటి చెట్ల బెరడు వాడతాయి. సెయింట్ లూయిస్‌లో 1881 నుంచి నడుస్తున్న హర్మన్ ఓక్, పెన్సిల్వేనియాలోని వికెట్ అండ్ క్రెయిగ్ కర్మాగారాల తోళ్లను ఇక్కడి హోల్‌స్టర్ తయారీదారులు చాలామంది కొంటారు. ఈ తోలును గోరువెచ్చని నీళ్లలో తడిపితే మట్టిలా వంగుతుంది, ఆరితే గట్టిపడి ఆ ఆకారాన్నే నిలుపుకుంటుంది. నేను చివరికి ఆర్డర్ ఇచ్చిన తయారీదారు గ్యారేజీలో ఆ పని కళ్లారా చూశాను. బల్లమీద రకరకాల పిస్తోళ్ల ఆకారాల్లో నీలం రంగు ప్లాస్టిక్ నమూనాలు వరుసగా ఉన్నాయి. తడిసిన తోలు ఒరలో నా పిస్తోలు నమూనాను దూర్చి, మొద్దుబారిన ఎముక ముక్కతో ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయం) చుట్టూ, స్లయిడు అంచుల వెంట ఒత్తుకుంటూ పోయాడు. కొద్ది నిమిషాల్లో లోపలి పిస్తోలు గీతలన్నీ పైకి తేలాయి. పూర్తిగా ఆరడానికి ఒక రోజు పట్టిందట. ఇంత పని నా హైదరాబాద్ అట్టముక్కతో ఎలా కుదురుతుందో మీరే ఆలోచించండి.

మందం విషయంలో ఇక్కడ ఔన్సుల లెక్క నడుస్తుంది, ఒక ఔన్సు అంటే 0.4 మిల్లీమీటర్లు అనుకోవచ్చు. నడుముకు కట్టే ఒరలకు ఎక్కువ మందం వాడతారుగాని జేబుకు 5 లేదా 6 ఔన్సుల తోలు, అంటే రెండు మిల్లీమీటర్లు లేదా కాస్త ఎక్కువ, చాలు. అంతకన్నా మందమైతే జేబు ఉబ్బి లోపల ఏముందో అందరికీ తెలిసిపోతుంది. గుర్రపు తోలు ఆవు తోలు కన్నా గట్టిది, చెమట తక్కువ పీలుస్తుంది, ఖరీదు కొంచెం ఎక్కువ. మన వంటి చెమట మనుషులకు అది నష్టం కాదు. తోలు గరుకు వైపు బయటికి ఉండేలా కుట్టిన రకాలు ఉన్నాయి. చూడడానికి అనాకారిగా ఉన్నా ఆ గరుకు జేబు గుడ్డను పట్టుకుని హోల్‌స్టర్‌ను కదలనివ్వదు, నేను వాటినే ఇష్టపడతాను. కొన్నింటికి జేబు అంచుకు తగులుకునే చిన్న కొక్కెం వంటి మడత కూడా ఉంటుంది. అంచులను తేనెమైనంతో నున్నగా రుద్దారా, ఒకే దారానికి రెండు చివరలా రెండు సూదులు కట్టి కుట్టారా అని చూడండి. అలా కుట్టినప్పుడు ఒక చోట దారం తెగినా మిగిలిన కుట్టు ఊడిపోదు.

మీ పిస్తోలు పేరు పూర్తిగా, స్పష్టంగా చెప్పి ఆర్డర్ ఇవ్వండి. ఉదాహరణకు, రూగర్ ఎల్‌సీపీ 2008లో వచ్చినది, ఎల్‌సీపీ మ్యాక్స్ 2021లో వచ్చినది. పేరులో పోలిక ఉన్నా కొలతలు ఒకటి కావు. గురి చూపే లేజర్ బిగించి ఉంటే అదీ చెప్పాలి. కుడిచేతివారా ఎడమచేతివారా అన్నది సరేసరి. మీ ప్యాంటు జేబు మూతి వెడల్పు, లోతు టేపుతో కొలిచి పంపండి. మన దగ్గర కుట్టించుకుని తెచ్చుకున్న ప్యాంట్ల జేబులు కొన్ని ఇందుకు పనికిరావు, వాటిని పిస్తోలు లేనప్పుడు వేసుకోండి.

డబ్బు చెల్లించే పద్ధతి గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే కొత్తవారు మోసపోతారు. చేతిపని చేసేవారిలో చాలామంది ఒంటరిగా పనిచేస్తారు, కొన్ని వారాల నుంచి నెలల వరకు ఆగమంటారు, అది సహజమే. నేను ఒకాయనకు మొత్తం డబ్బు ముందుగానే చెక్కు రూపంలో పంపాను. తర్వాత ఆయన ఫోను ఎత్తడం మానేశాడు. నెలలు గడిచాక వచ్చిన హోల్‌స్టర్ వేరే మోడల్‌ది, దాన్ని వెనక్కి తీసుకోనన్నాడు. ఆ తర్వాత నుంచి వీలైనంత వరకు కొంత బయానా మాత్రమే, అదీ క్రెడిట్ కార్డుతోనే ఇస్తున్నాను. కార్డు అయితే బ్యాంకులో ఫిర్యాదు పెట్టి డబ్బు రప్పించుకునే వీలుంది. బ్యాంకు ఖాతాలోకి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle)తోనో చెక్కుతోనో ఇస్తే ఆ వీలు దాదాపు లేదు. హోల్‌స్టర్ చేతికి వచ్చేదాకా పిస్తోలును ఇంట్లో తాళంవేసి ఉంచండి, ఉత్త జేబులో ఒక్క పూట కూడా పెట్టుకోవద్దు.

కొత్త తోలు బిగుతుగా ఉంటుంది. అది లోపమని వాపసు పంపేవారు ఉన్నారు, మీరు ఆ పని చేయవద్దు. పిస్తోలులో మ్యాగజైను (తూటాలు నింపే డబ్బా), ఛాంబరు (పేలడానికి తూటా కూర్చునే గది) రెండూ ఖాళీ అని చూసి, మళ్లీ ఇంకోసారి చూసి, పలచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి హోల్‌స్టర్‌లో దూర్చి ఒక రాత్రి ఉంచితే సర్దుకుంటుంది. తర్వాత ఖాళీ పిస్తోలుతోనే మంచం మీద తలకిందులుగా పట్టుకుని నెమ్మదిగా ఊపి చూడండి. జారిపడకూడదు. జేబులోంచి లాగితే హోల్‌స్టర్ జేబులోనే ఉండాలి. తిరిగి పెట్టేటప్పుడు హోల్‌స్టర్ జేబులో ఉండగా పిస్తోలును అందులోకి నెట్టవద్దు. హోల్‌స్టర్‌ను బయటికి తీసి, కంటికి కనబడేటట్లు పిస్తోలును అందులో ఉంచి, రెండింటినీ కలిపి జేబులో పెట్టండి. ఆ జేబులో తాళంచెవులు, చిల్లర, కౌంటరు పెన్ను, ఏదీ ఉండకూడదు.

సంరక్షణలో ఎక్కువమంది చేసే తప్పు అతిశ్రద్ధ. చెప్పులకు పట్టించినట్లు నూనె పట్టిస్తే తోలు మెత్తబడి, డబ్బుపెట్టి కొన్న ఆకారమంతా పోతుంది. ఇక్కడ దుకాణాల్లో దొరికే నీట్స్‌ఫుట్ ఆయిల్ జీనులకు మంచిదేగాని హోల్‌స్టర్‌కు కాదు. తోలు పొడిబారినట్లు అనిపించినప్పుడు, మైనం కలిసిన లెదర్ కండిషనర్‌ను పలుచగా, బయటివైపు మాత్రమే రాసి తుడవండి. వర్షంలోనో చెమటలోనో తడిస్తే గాలి తగిలే నీడలో ఆరనివ్వండి. హెయిర్ డ్రయర్ పెట్టినా, ఎండాకాలంలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా తోలు కుంచించుకుపోతుంది, పగుళ్లు వస్తాయి. రోజూ ఇంటికి చేరగానే పిస్తోలును బయటికి తీసి, పొడిగుడ్డతో తుడిచి, సేఫ్‌లో పెట్టండి, హోల్‌స్టర్‌ను వేరే చోట ఉంచండి. తోలులో పిస్తోలును దాచిపెట్టడం అంటే తుప్పుకు వడ్డీతో డబ్బు కట్టడమే. జేబు నూలుపోగులు ఎంత చేరతాయో మీరు నమ్మరు. వారానికోసారి హోల్‌స్టర్‌ను తలకిందులు చేసి తట్టి, పిస్తోలు గొట్టాన్ని, ట్రిగ్గర్ చుట్టుపక్కలను శుభ్రం చేసుకోండి.

కొన్నేళ్లకు మంచి తోలు కూడా మెత్తబడుతుంది. మూతి అంచు లోపలికి మడతపడి ట్రిగ్గర్ గార్డు వైపు వంగుతున్నట్లు కనిపిస్తే ఆ రోజుతో దాని పని అయిపోయినట్లే. అలా మడతపడిన తోలు పిస్తోలు పెట్టేటప్పుడు ట్రిగ్గర్‌ను నొక్కడం వల్ల ప్రమాదాలు జరిగాయి. పాత వస్తువును కొత్తగా వచ్చిన బంధువుకు ఉచితంగా అంటగట్టడం మనవాళ్లకు అలవాటు కదా, దీన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేయండి. రెండవది అదే తయారీదారు దగ్గర ఆర్డర్ ఇస్తూ, పాత కొనుగోలుదారునని చెప్పి షిప్పింగ్ ఖర్చు తగ్గించమని అడగండి. నేను అడిగినప్పుడు తగ్గించారు, మీరూ మొహమాటపడవద్దు.