రెండు పట్టాలు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. వచ్చే మేలో టెక్సాస్‌లో ఎంఎస్ అయిపోతుంది. నాయిన బత్తాయి తోట తనఖా పెట్టి నన్ను పంపిండు. క్లాస్‌మేట్లు లేకపోతే మొదటి సెమిస్టరే దాటేవాణ్ని కాదు. వీళ్లందరికీ కృతజ్ఞత ఎట్ల చెప్పాలె?

జవాబు: తమ్ముడూ, నన్ను అందరూ వీసాల గురించి, ట్యాక్సుల గురించే అడుగుతారు. నీ ప్రశ్న చదివి చాలాసేపు అట్లనే కూర్చున్నాను. మాదీ నల్లగొండ జిల్లానే, గుర్రంపోడు వైపు. మా చదువు లోన్ కూడా బత్తాయి తోట మీదే వచ్చింది. బ్యాంకులో సంతకం పెట్టి బస్సులో వస్తుంటే నాయిన లోన్ మాటే ఎత్తలేదు. "కత్తెర కాత మంచిగొస్తే ఇంకో బోరు వేపిద్దాం" అన్నాడంతే. తర్వాత రెండు ఎండాకాలాలు ట్యాంకర్లతో నీళ్లు కొని చెట్లను బతికించారని నాకు ఆలస్యంగా తెలిసింది. ఫోన్‌లో ఒక్కనాడూ చెప్పలేదు.

మన ఇళ్లల్లో నాయినకు థ్యాంక్స్ చెబితే పరాయివాళ్లకు చెప్పినట్టు ఉంటుంది. కృతజ్ఞతలు అంటే స్టేజీ మీద ఉపన్యాసంలా ఉంటుంది. అందుకే నా మాట విను. నీ డిగ్రీ పట్టా ఆయనకు చూపించు, కానీ ఆయన భూమి పట్టా తిరిగి ఆయన చేతిలో పెట్టేదాకా పని సగమే అయినట్టు. ఉద్యోగం రాగానే కారు కంటే ముందు లోన్ సంగతి చూడు. వడ్డీ రేటు ఫ్లోటింగ్ (అప్పుడప్పుడు మారేది) అయితే ముందే కట్టేసినా పెనాల్టీ ఉండదు. మొత్తం కట్టాక తోట కాగితాల కోసం మమ్మల్ని బ్యాంకు చుట్టూ మూడు నెలలు తిప్పారు. ఇప్పుడు మీకు ఆ బాధ తక్కువ. 2023 డిసెంబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది: బాకీ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలి, తనఖా ఎంట్రీ తీయించాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున వాళ్లే మీకు ఇవ్వాలి.

మా కాగితాలు తెచ్చిన రోజు నాయిన వాటిని తువ్వాలతో తుడిచి, సందుగలో పెట్టి తాళం వేశాడు. "తోటకు పోయొద్దాం రా" అన్నాడు. ఆ సాయంత్రం ఒక్కో చెట్టు చూపిస్తూ ఆయన మాట్లాడినంత సేపు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇక క్లాస్‌మేట్లు. అందరికీ కలిపి గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి ఊరుకోకు. ఎవరు ఏం చేశారో గుర్తుపెట్టుకుని వాళ్లకే చెప్పు. నాకు వనపర్తి నుంచి వచ్చిన ఒక క్లాస్‌మేట్ ఉండేవాడు. చదువయ్యాక అమెరికాలో పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతిని ఓపీటీ అంటారు. దానికి కాలేజీ వాళ్లు సిఫార్సు చేసి ఐ-20 అనే స్టూడెంట్ కాగితం ఇచ్చాక 30 రోజుల్లోపు అప్లికేషన్ ఇమిగ్రేషన్ వాళ్లకు చేరాలి. ఫీజుకు డబ్బుల్లేక నేను ఆ ఐ-20 బ్యాగులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. వాడు తేదీ చూసి తన కార్డుతో ఫీజు కట్టేశాడు. డబ్బు తర్వాత ఇచ్చాను కానీ, నా ఉద్యోగం ఆ రోజు వాడు పెట్టిన భిక్ష అని చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఫోన్‌లో వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. నువ్వు ఆరేళ్లు ఆగకు.

రూమ్ ఖాళీ చేసేముందు డిపాజిట్, కరెంటు బిల్లు, కిరాణా లెక్కలు తేల్చెయ్. థీసిస్ రాస్తుంటే ముందు పేజీలో అమ్మానాన్నల పేర్లు రాసి, ఫోన్‌లో తెలుగులో చదివి వినిపించు.

డిగ్రీ పట్టా ఇచ్చే ఫంక్షన్‌కు అమ్మానాన్నలను పిలవాలనుకుంటే విజిటర్ వీసా పని ఇప్పుడే మొదలుపెట్టు, ఇంటర్వ్యూ డేట్లు మన చేతిలో ఉండవు. ఇన్విటేషన్ లెటర్ తప్పనిసరి కాదు, తోట గురించి, ఇంటి గురించి వాళ్లు ఉన్నదున్నట్టు చెప్పగలిగితే చాలు. రాలేకపోతే లైవ్ లింకు పంపు. మేలో అక్కడ ఉదయం 10 గంటలంటే మన ఊళ్లో రాత్రి ఎనిమిదిన్నర. చిన్నమ్మను, మేనమామను కూడా ఇంటికి రమ్మని చెప్పు.

నేను గౌను ఖర్చు దండగ అనుకుని ఫంక్షన్‌కే పోలేదు. "నల్లకోటు ఫొటో పంపలేదేంది బిడ్డా" అని అమ్మ చాలా ఏళ్లు అడిగింది. చూపించడానికి నా దగ్గర ఫొటో లేదు, ఇప్పుడు అడగడానికి అమ్మ లేదు. గౌను ఆర్డర్‌కు చివరి తేదీ ఎప్పుడో ఈ రోజే కనుక్కో.