సేనా మెడల్ కబురు జిల్లా పేపర్లో వేయించాలంటే

చి. బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

అన్నకు సేనా మెడల్ ప్రకటించారని తెలిసి అందరం పొంగిపోయాం. పేపరువాళ్లే వెతుక్కుంటూ వస్తారని మాత్రం ఊరుకోకు. ఆగస్టు 15, జనవరి 26 ముందు రోజుల్లో ఢిల్లీ నుంచి వచ్చే జాబితాలో ర్యాంకు, పేరు, యూనిట్ ఉంటాయి తప్ప సొంతూరు ఉండదు. ఆ పేరు పాలకొండ కుర్రాడిదని నువ్వు చెబితేనే తెలుస్తుంది.

ముందు అన్నతో మాట్లాడు. అనుమతి లేకుండా సర్వీసు విషయాలు పత్రికలకు ఇవ్వకూడదని 1954 ఆర్మీ రూల్స్‌లో 21వ రూలు చెబుతుంది. ఇంట్లోవాళ్ల చేత ఇప్పించినా అదే లెక్క. వాడు తన సీవోను, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసరును అడిగి సరే అన్నాకే విలేకరిని కలువు.

అర పేజీ తెలుగులో రాసివ్వు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, జాబితాలో పడిన పేరు రెండూ రాయి, లేకపోతే ఇద్దరూ ఒకరేనా అని వార్తలు దిద్దే పేపరు డెస్కులో సందేహం వస్తుంది. తర్వాత ర్యాంకు, అమ్మానాన్నల పేర్లు, ఊరు, మండలం, చదివిన బడి, సైన్యంలో చేరిన సంవత్సరం, నీ ఫోన్ నంబరు. జిల్లా దగ్గర జాగ్రత్త. వాడు చేరినప్పుడు మనది శ్రీకాకుళం, కాగితాల్లో అదే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఈ ముక్క రాయకపోతే వార్త పక్క జిల్లా పేజీకి పోతుంది, మనూళ్లో ఎవరూ చూడరు.

ఎక్కువగా దొర్లే తప్పు, 'రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు' అని రాసేయడం. ఇప్పటికి ప్రకటించారంతే. సేనా మెడల్‌ను తర్వాత సైన్యం తన వేడుకలోనే ప్రదానం చేస్తుంది, మామూలుగా ఆర్మీ కమాండర్ చేతుల మీదుగా. రాష్ట్రపతి భవన్‌లో ఇచ్చేవి కీర్తి చక్ర, శౌర్య చక్ర లాంటివి. సాహసానికి ఇచ్చే సేనా మెడల్ వేరు, విశిష్ట సేవకు ఇచ్చేది వేరు. జాబితాలో ఏది ఉందో చూసి అదే రాయి. గొప్పగా ఉంటుందని పెంచి రాస్తే రేపు యూనిట్‌లో తల దించుకోవాల్సింది అన్నే.

ఫొటో స్టూడియోలో తీసింది ఇవ్వు. యూనిఫాంలో ముఖం స్పష్టంగా కనబడాలి, వెనకాల బండ్లు, ఆయుధాలు, బోర్డులు ఉండకూడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపు. ఫోన్‌తో తీసిన ఫొటో అలా పంపితే తీసిన చోటు వివరం కూడా అందులోనే వెళ్లిపోవచ్చు, అందుకే స్టూడియోది అన్నాను. ఇంకా చేతికి రాని మెడల్‌ను ఫొటోలో అతికించొద్దు.

ఎక్కడ డ్యూటీ, సెలవు ఎప్పుడు, ఏ రైల్లో వస్తాడు, పిల్లల పేర్లు, ఇల్లు కనిపించే ఫొటో, ఇవేవీ బయటకు పోకూడదు. 'ఎంతమంది ఉగ్రవాదుల్ని చంపాడు?' అని విలేకరి తప్పకుండా అడుగుతాడు. అధికారికంగా వెలువడిన దానికి మించి ఒక్క మాట కూడా చెప్పకు.

మండల విలేకర్లందరికీ ఒకే రోజు, మధ్యాహ్నం లోపే ఇవ్వు. సాయంత్రానికి పేజీలు నిండిపోతాయి. జెండా వందనం వార్తల హడావిడిలో ఒకటి రెండు రోజులు ఆగినా నష్టం లేదు. వార్తకు డబ్బు కట్టక్కర్లేదు, అభినందన ప్రకటన వేయించమంటే అది వేరే సంగతి, నీ ఇష్టం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక కాపీ ఇవ్వు, విలేకరికి అనుమానం వస్తే అక్కడ అడుగుతాడు.

అచ్చులో తప్పు పడితే ఆ ఉదయమే ఫోన్ చెయ్యి. ఆన్‌లైన్‌లో వెంటనే దిద్దొచ్చు, పేపర్లో సవరణ మర్నాడు వేయమని అడుగు.

మీ పెదనాన్న